ఏడో నంబరు బెడ్డు ఇంకా పలవరించలేదు

గండేపూడి పెద్దాసుపత్రి పక్షవాతం వార్డులో మొన్న మొన్నటిదాకా రోగులకు మతి తప్పితే తప్పేది, లేకపోతే లేదు. అడిగే నాథుడు లేడు. పక్షవాతం వచ్చి చేరిన మనిషి రెండో రోజో మూడో రోజో ఉన్నట్టుండి సెలైన్ స్టాండును పట్టుకుని అల్లుడుగారూ అంటూ మర్యాదలు చేసేవాడు. ఇంకొకాయన చేలో నీళ్లు మళ్లించాలని మంచం దిగబోయేవాడు. డాక్టర్లు దాన్ని డెలీరియం అనేవారు, వార్డు ఆయాలు పలవరింత అనేవారు. హెడ్ సిస్టర్ ఎస్తేరు రాణి మాత్రం ఏమీ అనకుండా ముందు ఆ మనిషి ఒళ్లు కాలుతోందేమో చూసేది. నీళ్లు తాగించేది, కిటికీ రెక్కలు తీసేది, ఇంట్లోవాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టేది. ఇరవై ఏడేళ్ల నౌకరీలో ఆవిడకు ఒంటబట్టిన వైద్యం అది. చాలామంది తేరుకునేవారు కూడా.

ఇలా ఎవరికి తోచినట్టు వాళ్లు పలవరించడం పైవాళ్లకు నచ్చలేదు.

రాజధానిలో ఓ పెద్ద హోటల్లో మూడు రోజుల సదస్సు జరిగింది. అందులో తెల్లగడ్డం డాక్టరు ఒకాయన లేచి చాలా మంచి మాట చెప్పాడు. పక్షవాతం వచ్చినవాళ్లలో ఎవరికి మతి తప్పే ప్రమాదం ఎక్కువో చేరిన రోజునే అంచనా కట్టవచ్చు, కడితే ముందుగానే జాగ్రత్తపడి దాన్ని తప్పించవచ్చు అన్నాడు. కాకపోతే ఆ మాటలో మొదటి సగం పన్నెండున్నరకు చెప్పాడు, రెండో సగం ఒంటిగంటకు చెప్పాడు. ఒంటిగంటకు భోజనాలు. అధికారులు మొదటి సగం శ్రద్ధగా రాసుకుని, రెండో సగం మొదలయ్యేసరికి పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

నెల తిరక్కుండా, పలవరింతకు సర్కారు పేరు సన్నిపాతం గనక, 'సన్నిపాత ముందస్తు అంచనా పథకం' పుట్టింది. ఆసుపత్రికొక ట్యాబు వచ్చింది. అది ముందుగా బెడ్డు నంబరు అడుగుతుంది. రోగి పేరు అడగదు, పేర్లతో శాఖకు పనిలేదు. ఆ తర్వాత ఇరవై ఒక్క ప్రశ్నలు వేస్తుంది. వయసెంత, చూపెలా ఉంది, చెవి వినిపిస్తుందా, మందు అలవాటుందా, ఇంతకుముందు పక్షవాతం వచ్చిందా, ఇలాంటివి. అన్నీ నొక్కాక టింగుమని ఒక శాతం చెబుతుంది. యాభై దాటితే మంచానికి ఎర్రగుడ్డ కట్టాలి, దాటకపోతే ఆకుపచ్చ గుడ్డ కట్టాలి. ఎర్రగుడ్డ రోగి డెబ్భై రెండు గంటల్లోగా పలవరించి తీరాలి. ఆకుపచ్చ గుడ్డ రోగి పలవరించరాదు. నూటికి తొంభై అంచనాలు నిజమైతే ఆసుపత్రికి షీల్డు, తగ్గితే మెమో. దీనికోసం అట్ట వేసిన పలవరింత రిజిస్టరు ఒకటి పంపారు. మొదలైన సమయం, పలవరించిన మాటలు, తీవ్రత, ఇద్దరు అధికారుల సంతకాలు అని అందులో గడులు గీసి ఉన్నాయి.

సర్క్యులర్ చివర అనుబంధం-క అని ఒక కాగితం కుట్టి ఉంది. ఆ తెల్లగడ్డం డాక్టరు ఎవరి కాళ్లు పట్టుకుని పెట్టించాడో తెలియదు. ఎర్రగుడ్డ రోగులకు కళ్లద్దాలు, చెవిమిషను, పళ్లసెట్టు వాళ్ల దగ్గరే ఉంచాలని, ఎదురుగా గడియారం కనబడాలని, గంటగంటకూ నీళ్లు పట్టాలని, ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండాలని అందులో ఉంది. మిగతావాళ్లకు ఆసుపత్రి మామూలు రూలే. అంటే వస్తువులన్నీ మూటగట్టి, చీటీ అంటించి సామాన్ల గదిలో పడేయడం, ఇంటివాళ్లను సాయంత్రం నాలుగు నుంచి ఆరుదాకా మాత్రం లోపలికి రానివ్వడం. అనుబంధాలు చదవకూడదని ఎస్తేరు రాణికి ఎవరూ చెప్పలేదు. అందుకని చదివింది.

ఏడో నంబరు బెడ్డు మీదికి అబ్బులు వచ్చింది సోమవారం సాయంత్రం నాలుగింటికి. డెబ్భై ఎనిమిదేళ్లవాడు. యాభై ఏళ్లపాటు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఒక కంట్లో శుక్లం, రెండు చెవులూ సగం సగం, రోజూ కల్లు, మూడేళ్ల క్రితం ఒకసారి పక్షవాతం. ట్యాబు ఆలోచించకుండా తొంభై నాలుగు పాయింట్ ఆరు శాతం అంది. ఎస్తేరు రాణి ఎర్రగుడ్డ కట్టి, అనుబంధం ప్రకారం కళ్లద్దాలు పెట్టి, గడియారం ఎదురు గోడకు తగిలించి, కూతురు నూకరత్నాన్ని పక్కన స్టూలేసి కూర్చోబెట్టింది.

మంగళవారం పొద్దున్నే సూపరింటెండెంటు డాక్టర్ సూర్యభగవాన్లు గారు గుమ్మంలోనే ఆగి అడిగారు.

"ఏమ్మా, ఏడు మొదలెట్టిందా?"

"లేదండీ. ఇడ్లీ తిన్నాడు. నూకరత్నంతో పేకాటాడుతున్నాడు."

"గెలుస్తున్నాడా ఓడిపోతున్నాడా?" అని ఆశగా అడిగారాయన.

"గెలుస్తున్నాడండీ."

సూర్యభగవాన్లు గారి మొహం వాడిపోయింది. ఆయన ఒకప్పుడు చెయ్యి తిరిగిన డాక్టరు. ఆయన నాడి పట్టుకుంటే చాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బళ్లు కట్టుకుని వచ్చేవారు. సూపరింటెండెంటు అయ్యాక రోజుకు ఆరు వీడియో కాన్ఫరెన్సుల చొప్పున కూర్చుని, రోగిని ముట్టుకుని ఎనిమిదేళ్లయింది. పాపం, మనిషి మంచివాడే.

బుధవారం పొద్దున వీడియో కాన్ఫరెన్సులో రాష్ట్ర నోడల్ అధికారి చిదంబర ప్రసాద్ గారు ఇస్త్రీ నలగని చొక్కాతో ప్రత్యక్షమయ్యారు. ఆయన ఎప్పుడూ మాట్లాడేటట్టు మాట్లాడరు. ఉత్తర్వు చదివేటట్టు మాట్లాడతారు.

"గండేపూడి. మీ ఏడవ నంబరు పడక అంచనాకు అనుగుణంగా పురోగమించుట లేదని మా దృష్టికి వచ్చినది."

"శాయశక్తులా కృషి చేస్తున్నాం సార్," అన్నారు సూర్యభగవాన్లు.

"గడువు రేపు సాయంత్రం నాలుగు గంటలు. క్షేత్రస్థాయిలో చిత్తశుద్ధి లోపించినట్లు మేము భావించవలసి వచ్చును. ఆ పడకకు సంబంధించి వార్డులో ఏయే చర్యలు చేపట్టుచున్నారు?"

ఎస్తేరు రాణి ముందుకొచ్చి చెప్పింది. కళ్లద్దాలు, గడియారం, నీళ్లు, కూతురు.

తెరమీద చిదంబర ప్రసాద్ గారు కాసేపు కదల్లేదు. లైను పోయిందేమోనని ఆపరేటరు వైర్లు కదిపాడు.

"ఇవన్నీ ఎవరు చేయమన్నారు?"

"అనుబంధం-క అండీ."

"అనుబంధం చదివితిరా?" అన్నారాయన. ఆ గొంతులో కోపం కంటే దిగ్భ్రాంతే ఎక్కువ ఉంది.

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు దిగింది. 'కొన్ని ఆసుపత్రులయందు సిబ్బంది అత్యుత్సాహముతో చేపట్టుచున్న నివారణ చర్యల వలన ఎర్రగుడ్డ రోగులు పలవరించుట మానివేయుచున్నారు. తద్వారా అంచనాల ఖచ్చితత్వమునకు తీవ్ర విఘాతము కలుగుచున్నది. కావున నివారణ చర్యలన్నియు తక్షణమే నిలిపివేయవలెను. సన్నిపాతము నమోదైన పిమ్మట చికిత్స చేయుటకు శాఖకు అభ్యంతరము లేదు.'

ఎస్తేరు రాణి అది రెండుసార్లు చదివి, "అలాగేనండీ" అంది. ఇరవై ఏడేళ్లలో ఆవిడకు ఒంటబట్టిన రెండో వైద్యం అది. అలాగేనండీ అనేసి, వార్డులోకొచ్చి అబ్బులుకు గ్లాసుడు మజ్జిగ పట్టింది.

దాని వెనకే ఏడో నంబరు బెడ్డుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ట్యాబుకు పేర్లు తెలియవు గనక కవరు మీద 'ఏడవ నంబరు పడక గారికి' అని ఉంది. 'తమరు తొంభై నాలుగు పాయింట్ ఆరు శాతము సన్నిపాత అవకాశము కలిగియుండియు, నలభై గంటలు గడిచినను ఎందులకు పలవరించలేదో ఇరవై నాలుగు గంటలలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.'

ఎస్తేరు రాణి దాన్ని అబ్బులు చెవిలో గట్టిగా చదివి వినిపించింది. సరంగు నోరు తెరిచి విన్నాడు.

"నేనేం జేసేనండీ సిస్టరుగోరూ?"

"ఏం చెయ్యలేదనే రాశారు."

"అయితే రాయండమ్మా. అయ్యా, యాభై ఏళ్లు లాంచీ తిప్పేను. వరద గోదాట్లో కూడా ఒక్క పాసింజరూ నాకు మతి తప్పిందనలేదు. ఈ ముసలితనంలో తమరికి ఇలాంటి ఇబ్బంది పెడతానని అనుకోలేదండి. పెద్దమనసు చేసుకుని మన్నించాలి. నాకు పలవరించడం అలవాటు లేదు గాబట్టి, ఏ మాటలు పలవరించాలో తమరే రాసి పంపిస్తే మా అమ్మాయి చదివి పెడద్ది, నేను అనేస్తాను." చెప్పడమైపోయాక కుడిచేతి బొటనవేలు చాచాడు. "ఇలా తేండి ఇంకు."

నూకరత్నం పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎస్తేరు రాణి కూడా నవ్వింది గాని, ఆ నవ్వు పక్క మంచం మీద చూపు పడగానే ఆగిపోయింది.

ఎనిమిదో నంబరు బెడ్డు మీద కందర్ప రామావతారం మాష్టారున్నారు. హైస్కూలు హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. అరవై ఒక్క ఏళ్లు. ఆదివారం చేరారు, కుడి కాలు కొంచెం లాగింది, మాట బాగానే ఉంది. చూపెలా ఉందని ట్యాబు అడిగినప్పుడు ఆయన మొహాన కళ్లద్దాలున్నాయి, కనక బాగుంది అని నొక్కారు. ఏడు పాయింట్ రెండు శాతం వచ్చింది. ఆకుపచ్చ గుడ్డ కట్టాక రూలు ప్రకారం ఆ కళ్లద్దాలు తీసి, ఇంటావిడను బయటికి పంపి, సామాన్ల గదికి తాళం వేశారు. ఆ రోజున డ్యూటీలో ఉన్నది ఎస్తేరు రాణి కాదు. సోమవారమంతా మాష్టారు మంచాల వరస వంకర ఉందని, ఫ్యాను కిర్రుమంటోందని వార్డుకు వార్డునే ఆడించారు. మంగళవారం మెత్తబడ్డారు. బుధవారానికి నోరు మెదపలేదు. "బుద్ధిమంతుడైపోయాడమ్మా ఎనిమిదో నంబరు" అని ఆయాలు మెచ్చుకున్నారు.

నాలుగింటికి మాష్టారి భార్య మంగతాయారు క్యారియరుతో వచ్చింది. అయిదింటికి చీరకొంగుతో కళ్లొత్తుకుంటూ ఎస్తేరు రాణి బల్ల దగ్గర నిలబడింది.

"ఏమైందండీ, తినలేదా?"

"మొత్తం తిన్నారండీ."

"మరి మంచిదే కదా?"

"ఏం మంచి తల్లీ!" అని బావురుమందావిడ. "ముప్ఫై ఆరేళ్లయింది నా పెళ్లయి. ఇన్నేళ్లలో ఏ రోజూ ఆ మనిషి వంకపెట్టకుండా నా చేతి ముద్ద మింగలేదు. ఇవాళ బీరకాయ ముదిరిపోయింది, కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, అన్నం మాడింది. గుటుక్కున మింగేశారు. ఈయన మా ఆయన కాదండీ. మా ఆయన్ని ఎక్కడికో తీసుకుపోయారు."

ఎస్తేరు రాణి లేచి వెళ్లి మాష్టారి పక్కన కూర్చుంది. ఆయన వేళ్లు దుప్పటి అంచును ఆగకుండా గిల్లుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి వింటే పిల్లల పేర్లు. క్లాసులో హాజరు పిలుస్తున్నారాయన.

"మాష్టారూ, ఇది ఏ ఊరండీ?"

ఆయన చాలాసేపు చూసి, "బెల్లు కొట్టారా?" అన్నారు మెల్లగా.

గోల చేసే పలవరింత అందరికీ తెలుస్తుంది. నోరు మూసుకునే పలవరింత ఒకటుంటుందని, అదే ప్రమాదమని ఎస్తేరు రాణికి బాగా తెలుసు. మనిషి మెల్లగా లోపలికి జారిపోతుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు బుద్ధిమంతుడని మెచ్చుకుంటుంటారు. ఒళ్లు ముట్టుకుంటే కొద్దిగా వెచ్చగా ఉంది. గబగబా సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది.

"ఎనిమిది పలవరిస్తోందా? ఎనిమిది ఆకుపచ్చ కదమ్మా!"

"ఆకుపచ్చే సార్. ఆయనకు మాత్రం బాగాలేదు. ఒంటేలు పరీక్ష రాయాలి, జ్వరం సంగతి చూడాలి, కళ్లద్దాలు ఇచ్చెయ్యాలి, ఆవిణ్ణి పక్కన ఉండనివ్వాలి."

సూర్యభగవాన్లు గారు ట్యాబు తీసి నొక్కారు. పరీక్ష రాయాలంటే కారణం గడి నింపాలి. ఆకుపచ్చ బెడ్డుకు సన్నిపాతం అనే కారణం ఎంత నొక్కినా వెలగదు. చివరికి భయపడుతూ భయపడుతూ రాజధానికి ఫోన్ చేశారు.

"ఏడు శాతం వానికి సన్నిపాతము సాంకేతికముగా అసాధ్యము," అని చెప్పారు చిదంబర ప్రసాద్ గారు. "అతడు మౌనముగా ఉన్నాడని మీరే చెప్పుచున్నారు. మౌనము క్రమశిక్షణకు లక్షణము. ఏడవ నంబరు సంగతి చూడండి."

గురువారానికి మాష్టారు నీళ్లు కూడా అడగడం మానేశారు. ఎస్తేరు రాణి చెంచాతో పడితే పెదాల పక్కనుంచి కారిపోతున్నాయి. మంగతాయారు గేటు దగ్గర వాచ్‌మన్ కాళ్లావేళ్లా పడుతోంది, నాలుగు కాలేదని వాడు రానివ్వడం లేదు. ఎస్తేరు రాణి ఏడుకూ ఎనిమిదికీ మధ్య నిలబడి, "ఏం ఉద్యోగమే తల్లీ ఇది! బాగున్నవాడికి బాగాలేదని, బాగాలేనివాడికి బాగుందని రాసుకు చావాలి," అని పైకే అనేసింది.

అబ్బులుకు సగం చెవులే అయినా ఆ మాట వినిపించింది.

"సిస్టరుగోరూ, ఒక మాట. లాంచీ ఒక పక్కకి ఒరిగిపోయిందనుకోండి, లాంచీని తిడతామాండి? బరువైనోళ్లని అటు, తేలికైనోళ్లని ఇటు మారుస్తాం. ఆ యంత్రానికి నా పేరు తెలుసాండి?"

"తెలీదు. నంబరే."

"మాష్టారి పేరు?"

"అదీ తెలీదు."

"మరి నన్ను ఆ మంచం మీదికి, ఆయన్ని ఈ మంచం మీదికి మార్చెయ్యండి. ఏడు పలవరించాలంట, మాష్టారు పలవరిస్తారు. ఎనిమిది పలవరించకూడదంట, నేను చచ్చినా పలవరించను. రాజధాని బాబులు కూడా సుఖంగా భోంచేస్తారు."

ఎస్తేరు రాణి వెంటనే ఆయాలను కేకేసింది. ఈ బుర్రకు తొంభై నాలుగు శాతం వేసిన ట్యాబు మీద ఆవిడకు మొదటిసారి జాలి కలిగింది. మూడున్నరకు ఇద్దరు ఆయాలు, నూకరత్నం కలిసి మంచాల మీద మనుషుల్ని మార్చేశారు.

నాలుగు కావడానికి పావుగంట ముందు సూర్యభగవాన్లు గారు రిజిస్టరు పట్టుకుని, సాక్షి సంతకానికి తన కింది డాక్టరు ఆర్‌ఎంఓ గారిని వెంటేసుకుని, ఉరికంబం ఎక్కుతున్నవాడిలా వచ్చారు. ఏడో మంచం మీద ఎవరో కళ్లు తేలేసి దుప్పటి గిల్లుతూ హాజరు పిలుస్తున్నారు. ఎనిమిదో మంచం మీంచి అబ్బులు మంచి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

సూపరింటెండెంటు గారు అటు చూశారు, ఇటు చూశారు, ఎస్తేరు రాణిని చూశారు. ఆవిడ కళ్లు దించుకోలేదు.

"తప్పయితే నన్ను సస్పెండు చెయ్యండి సార్. ముందు ఆయన్ని చూడండి."

ఆయన మంచం మీద కూర్చున్నారు. ఎనిమిదేళ్ల తర్వాత చెయ్యి దానంతటదే వెళ్లి మాష్టారి నాడి పట్టుకుంది. కళ్లు విప్పి చూశారు, నాలుక చూశారు, పొత్తికడుపు మీద వేళ్లానించి నొక్కారు. అంతే, మొహం మారిపోయింది.

"మూత్రం నిలిచిపోయిందమ్మా, లోపల చీము పట్టినట్టుంది! ఒంట్లో చుక్క నీరు లేదు. ఎన్నాళ్లనుంచి ఇలా? గొట్టం తే, సెలైన్ పెట్టు. ఒంటేలు పరీక్షకు పంపు, రిపోర్టు నా చేతికి తెండి. కళ్లద్దాలేవీ? వీరి భార్య ఎక్కడ?" అని అరుస్తుంటే వార్డు వార్డంతా పరుగులు పెట్టింది. ఆర్‌ఎంఓ గారు రిజిస్టరు చేతికిస్తే, ఆయన చూడకుండానే సంతకం పెట్టి అవతల పడేశారు. ఏడో నంబరు బెడ్డు, మూడు గంటల యాభై రెండు నిమిషాలకు, తీవ్రం.

రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. సన్నిపాతం నమోదైపోయింది గనక చికిత్సకు శాఖకు అభ్యంతరం లేదు. మంగతాయారు మంచం వదలకుండా కూర్చుంది. నూకరత్నం స్టూలు మటుకు రెండు మంచాల మధ్యకు జరిగింది. అది ఏ బెడ్డు తాలూకు స్టూలో చెప్పడం ఏ ట్యాబు తరమూ కాదు.

మూడో రోజున మాష్టారు కళ్లద్దాలు సర్దుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, "వంకాయ కోసేముందు పుచ్చు చూడవా? ఇంత వయసొచ్చింది నీకు!" అన్నారు. మంగతాయారు రెండు చేతులూ జోడించి ఏడుస్తూ నవ్వింది. ఎస్తేరు రాణి కళ్లు కూడా తడయ్యాయి. ఆవిడ ఆ మాట దాచుకోలేదు, ఆయాలందరికీ చెప్పుకుంది.

ఇక ఎస్తేరు రాణి, సూర్యభగవాన్లు గారు ఒక ఒప్పందానికొచ్చారు. ఆవిడ ఒక్క అబద్ధం కూడా ఆడనంది, ఆడలేదు కూడా. చిన్న మార్పేమిటంటే, కొత్త రోగి రాగానే రూలు ప్రకారం ముందు కళ్లద్దాలు, చెవిమిషను తీసి లోపల పెట్టించేది. ఆ తర్వాత ట్యాబు తెరిచి, చూపెలా ఉందో, చెవి ఎలా ఉందో ఉన్నదున్నట్టు నొక్కేది. ప్రతివాడికీ ఎర్రగుడ్డే. మంచమెక్కిన గంటలోగా ప్రతివాడూ "నన్ను ఇంటికి పంపించెయ్యండి బాబో" అంటాడు కదా, ఆ మాట రిజిస్టరులో రాసి, తీవ్రత మధ్యస్థం అని వేసి, సంతకాలు చేయించేది. సన్నిపాతం నమోదైపోయింది కాబట్టి ఆ వెంటనే కళ్లద్దాలు తిరిగొచ్చేవి, నీళ్లొచ్చేవి, పెళ్లామొచ్చేది. సూర్యభగవాన్లు గారు వీడియో కాన్ఫరెన్సుకు ఆపరేటరును కూర్చోబెట్టి, రోజూ పొద్దున వార్డులో నాడులు చూడడం మొదలెట్టారు.

రెండు వారాలు తిరిగేసరికి గండేపూడి అంచనాలు నూటికి నూరు నిజమయ్యాయి. రాష్ట్రంలో మరే ఆసుపత్రికీ అరవై దాటలేదు. చిదంబర ప్రసాద్ గారు స్వయంగా షీల్డు పట్టుకుని, ఫొటోగ్రాఫరుతో సహా దిగుతున్నారని కబురొచ్చింది.

ఎస్తేరు రాణి లెక్క వేసుకుంది. బండారం బయటపడితే తన ఉద్యోగం పోవడం అటుంచి, కళ్లద్దాలన్నీ మళ్లీ సామాన్ల గదిలోకి పోతాయి. ఇరవై నాలుగు మంచాల దగ్గరికీ వెళ్లి, "బాబ్బాబు, ఆయనున్నంతసేపూ ఎవరూ నోరెత్తకండి" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. ఎనిమిదో మంచం మీద అబ్బులు సరేనని తలూపాడు. ఏడో మంచం మీద మాష్టారు మాత్రం, "ఎందుకెత్తకూడదు?" అన్నారు. ఎల్లుండి ఇంటికి పోవలసిన మనిషి. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

చిదంబర ప్రసాద్ గారు పూలదండతో లోపలికి వచ్చారు. వార్డు నిండా రోగులు పేపర్లు చదువుకుంటున్నారు, పెళ్లాల చేత కాళ్లు పట్టించుకుంటున్నారు, కాఫీలో చక్కెర చాల్లేదంటున్నారు. ఆయన నడక నెమ్మదించింది.

"వీరందరికీ సన్నిపాతమని కదా నమోదు? మిక్కిలి స్తిమితముగా కనబడుచున్నారే?"

సూర్యభగవాన్లు గారు ఎస్తేరు రాణి వెనక్కి జరిగారు.

"స్తిమితంగా ఉండక ఏం చెయ్యమంటారు?" అన్నది ఏడో నంబరు బెడ్డు. ఎస్తేరు రాణి కళ్లు మూసుకుంది.

మాష్టారు లేచి దిండుకు ఆనుకున్నారు. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి బల్ల దగ్గరికి పిలిచినట్టు నోడల్ అధికారిని వేలితో దగ్గరికి పిలిచారు. ఆయన తెలియకుండానే వెళ్లి నిలబడ్డారు.

"ఏమండీ, నేను పోయివచ్చినవాణ్ణి గనక చెబుతున్నాను, వినండి. చూపు ఆననివాడి కళ్లద్దాలు లాక్కోకండి. దాహం వేసినవాడికి నీళ్లివ్వండి. కట్టుకున్నదాన్ని గేటు బయట నిలబెట్టకండి. ఉన్నట్టుండి ఎవడైనా మెత్తబడిపోతే బుద్ధిమంతుడని మురిసిపోకండి, ఒళ్లు ముట్టుకుని చూడండి. ఈపాటి చేస్తే సగం మందికి మతి పోనే పోదు. పోయేది ఎవరికో ముందు తెలుసుకోమన్నది, పోకుండా కాపాడ్డానికండీ. పోయిందని పందెం గెలవడానికి కాదు!"

చిదంబర ప్రసాద్ గారు చేతిలోని షీల్డు వంక చూశారు. ఫొటోగ్రాఫరు వంక చూశారు. ఈ మనిషి మతి స్తిమితంగా ఉందని ఒప్పుకుంటే ఏడో నంబరు అంచనా తప్పుతుంది. ఏడు తప్పితే ఇరవై నాలుగూ తప్పుతాయి. ఇరవై నాలుగు తప్పితే పథకం తప్పుతుంది, పథకం తప్పితే వచ్చే నెల రాజధానిలో తనకు జరగబోయే సన్మానం తప్పుతుంది. ఆయన మొహంలో మెల్లగా వెలుగొచ్చింది.

"అద్భుతము," అన్నారు. "ఇంతటి స్పష్టమైన సన్నిపాతమును నా సర్వీసులో చూడలేదు. రిజిస్టరు తెండి. పలవరించిన మాటలు పొల్లుపోకుండా రాయండి."

ఎస్తేరు రాణి రిజిస్టరు తెచ్చి, మాష్టారు చెప్పిందంతా ఒక్క మాట వదలకుండా రాసింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. తీవ్రత గడిలో చిదంబర ప్రసాద్ గారు స్వయంగా 'అతి తీవ్రము' అని వేశారు.

"ఒకటి మర్చిపోయాను," అన్నారు మాష్టారు. "మనిషిని నంబరుతో కాదు, పేరుతో పిలవండి. అదీ రాసుకోండి."

"అదియు రాయండి," అన్నారు నోడల్ అధికారి సంతోషంగా. ఆయన ఒక సంతకం, సూర్యభగవాన్లు గారు ఒక సంతకం చేశారు. కింద ఆఫీసు ముద్ర కూడా వేయించారు. ఫొటో తీశారు.

షీల్డు సూపరింటెండెంటు గారి గదిలో బీరువా మీద ఉంది. రిజిస్టరు మాత్రం వార్డులోనే ఎస్తేరు రాణి సొరుగులో ఉంటుంది. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సులొస్తే ఆవిడ సర్క్యులరు చూపించదు, ట్యాబూ చూపించదు. ఆ పేజీ తీసి ముందు పెట్టి, "ఇది చదువుకుని, ఇందులో ఉన్నట్టు చెయ్యండమ్మా" అంటుంది. ఇద్దరు పెద్ద అధికారులు సంతకాలు చేసి ముద్ర వేసిన కాగితం కాబట్టి ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.